లైను లేని ఆట

యూరియా లైన్లో రాళ్లు చెల్లవని కేసముద్రంలో పోయిన వారమే తేల్చారు. తేల్చింది సర్కారు కాదు, లైన్లో ఉన్నవాళ్లే. ఒకాయన తెల్లవారకముందే వచ్చి ఇంటిల్లిపాదికీ తలో రాయి పెట్టి పోయాడు. లారీ వచ్చేసరికి ఆ రాళ్ల వెనుక మనుషులు పుట్టుకొచ్చారు. కొట్లాట అయింది. ఆ తర్వాత సీసాలు చెల్లవన్నారు, జిరాక్సు కాగితాలు చెల్లవన్నారు. చెప్పులు మాత్రం చెల్లుతాయి. చెప్పులు విడిచిన మనిషి ఎండలో ఎంతో దూరం పోలేడు. జత ఇక్కడుందంటే మనిషి ఇక్కడే ఉన్నట్టు. ఈ లెక్కకు అందరూ ఒప్పుకున్నారు. అనిత కూడా ఒప్పుకుంది.

అనితకు ఉన్నది ఒకటే జత.

లారీ కేసముద్రం గోదాముకు వస్తుందా, మానుకోట గోదాముకు పోతుందా అన్నది ఎవరికీ తెలియదు. రైల్లో వచ్చిన యూరియా జనగామలో దిగిందని ఒకరు, అసలు దిగనే లేదని ఒకరు. తండాలో పక్కింటి కవిత ఆ పొద్దున మానుకోట లైనుకు బయలుదేరింది. ఆమె ఆటో ఎక్కుతుంటే అనిత కుడికాలి చెప్పు విప్పి ఆమె చేతిలో పెట్టింది.

"గిది నా పేరు మీద గక్కడ పెట్టవే."

"ఒక్కటేనా?"

"ఇంకోటి కేసముద్రంల పెడత. ఏడికి లారీ వస్తే ఆడికి ఉరుకుత."

కవిత చెప్పును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒక కాలు మానుకోటల, ఒక కాలు కేసముద్రంల. నడుమ రైలు పోతది, జర చూస్కో."

ఆటోలో ఉన్నవాళ్లు నవ్వారు. అనితా నవ్వింది. నవ్వి, ఇంట్లోకి పోయి భర్త ముందు చెయ్యి చాపింది.

"ఫోను."

ప్రేమ్‌సింగ్ మంచం మీద పడుకుని ఉన్నాడు. ఫోను గుండెల మీద ఉంది. పాసుబుక్కు ఆయన పేరు మీద ఉంది. బస్తా ఇచ్చే ముందు మిషన్లో నంబరు కొడితే ఆయన ఫోనుకే మెసేజి వస్తుంది. ఇవ్వక తప్పదు.

"పొద్దంత నేనేం జేయాలె?"

"మక్కను చూస్తుండు. కిటికీల నుంచి కనబడతది గద."

మక్కజొన్న చేను కనబడుతూనే ఉంది. వానలకు చేను తడిసి మందు సత్తువంతా కిందికి పోయింది. కింది ఆకులు కొస నుంచి నడిమి ఈనె వెంట పసుపు పట్టుకుంటూ వస్తున్నాయి. ఇప్పుడు యూరియా పడితే కంకి పడుతుంది. పడకపోతే చొప్ప మిగులుతుంది. ఆ ఇంట్లో ఈ ఏడు తినడానికీ, ఆయన కాలు దవాఖానలో మళ్లీ చూపించడానికీ ఉన్నది ఆ చేను ఒక్కటే.

ప్రేమ్‌సింగ్ ఫోను ఇచ్చాడు. "ఆట తీసెయ్యకు. గుమ్మం కాడ ఆపిన."

ఆయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసేవాడు. మూడో స్లాబు మీద కట్టని పలక మీద కాలు పెట్టాడు. తుంటి విరిగింది. పలక మీద కాలు పెట్టే ముందు ఆయన బీడీ ఆర్పేశాడు. ఆ ముచ్చట ఎన్నోసార్లు చెప్పాడు. ఇంకొక్క దమ్ము లాగి ఉంటే ఆ పలక ఎవరూ కాలు పెట్టకుండానే కింద పడేదని. ఆ తర్వాత ఆ ముచ్చట మానేసి ఆట పట్టుకున్నాడు. సైటులో తోటి పనివాడు ఫోనులో వేసిచ్చిన ఆట. చుక్కల నడుమ ఒక పాడుబడ్డ స్టేషను, దాని గుమ్మాలు, గుమ్మాల వెనుక ఏవో మరమనుషులు. కవచం తొడుక్కున్న ఒక కెప్టెను వాటిని కొట్టుకుంటూ లోపలికి పోతూ ఉంటాడు.

అనిత ఒకసారి తగవు పెట్టుకుంది. "పొద్దాక గదే. ఏమున్నది దాంట్ల?"

ఆయన అలిగాడనుకుంది. అలగలేదు. ఎవరో అడగాలని ఎదురుచూసినట్టు చెప్పాడు.

"దీని ముందటి భాగం గూడ ఆడిన. దాంట్ల సంచి ఉండేది. తుపాకి ముక్కలు, మందులు, ఇనుపసామాను, దొరికినయన్ని సంచిల ఏసుకోవాలె. నిండితే ఏది ఉంచాలె, ఏది పారేయాలె, గదే చూసుకుంట కూసుండాలె. ఆడినట్టే ఉండదు, సంచి మోసినట్టు ఉంటది. దీంట్ల గదంత పీకేసిండ్రు. ఒక తుపాకి, ఒక కవచం, మూడు విద్యలు. పోవాలె, మాట్లాడాలె, కొట్టాలె. ముందల్కి పోతది."

"సస్తే?"

"ప్రతి గుమ్మం కాడ నీలి దీపం ఉంటది. సస్తే ఆడ లేస్తవు."

"ఎన్నిసార్లు?"

"ఎన్నిసార్లన్న."

ఆమె కంచం ముందుకు జరిపింది. "బువ్వ తిను" అని లేచింది. ఇంకోసారి ఆయన వెనుక నుంచి చూసింది. ఆయన ఆ కెప్టెనును ఒక అంచు మీదికి నడిపించి కావాలని దూకించాడు. కెప్టెను పడిపోయాడు. నీలి దీపం దగ్గర లేచాడు. ఆయన మళ్లీ అంచు మీదికి నడిపించాడు.

గోదాము ముందు చెప్పుల లైను షట్టరు దగ్గర మొదలై, బోరింగు దాటి, రోడ్డు దాకా వచ్చింది. హవాయి చెప్పులు, ప్లాస్టిక్ బూట్లు, ఎవరో పెండ్లికి కొన్న తోలు చెప్పులు. సోమనర్సయ్య అనే రైతు భుజాన తువ్వాల వేసుకుని లైను వెంట అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయన్ను ఎవరూ పెట్టలేదు. ఒక ఊరికి మాజీ సర్పంచు, గొంతు ఉంది, అంతే.

బోరింగు దగ్గర ఒక జత రబ్బరు చెప్పులు ఉన్నాయి. ఒకదాని పట్టీ తెగితే తీగతో కట్టారు. వాటి వెనుక జాగా ఉంది. ముందు వచ్చినవాళ్లెవరో ఆశ వదులుకుని తమ చెప్పులు తీసుకుపోయినట్టున్నారు. అనిత తన ఎడమ చెప్పును అక్కడ పెట్టి, ఆ రబ్బరు చెప్పులకు ఆనించింది. దూరం నుంచి చూస్తే దాని జత వాటి కింద ఉన్నట్టే ఉంది.

"ఇంకోటి ఏదే?"

అనిత ఉలిక్కిపడింది. రబ్బరు చెప్పుల మనిషి పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అవతలి తండా ముసలామె, పేరు సుక్కి. ఇద్దరిదీ ఒకటే లంబాడీ బోలి, అందులోనే అడిగింది.

"మానుకోటల, యాడీ" అంది అనిత మెల్లగా. తల్లి వయసు ఆమెను తండాలో అట్లాగే పిలుస్తారు.

సుక్కికి విషయం అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకు గీ తెలివి లేకపాయె. నా బిడ్డ భూపాలపల్లిల ఉన్నది. దానికో చెప్పు పంపుతుంటి."

"ఎవ్వలతో చెప్పకు యాడీ."

"నాకెందుకే. ఆ పటేలు చూస్తే మాత్రం తువ్వాలతోటి కొడతడు."

సుక్కిది ఎకరం వరి. ఆమె మొగుడు లేడు. నడిచి వచ్చింది. ముందురోజూ వచ్చిందట, అంతకు ముందూ వచ్చిందట, లైను ఆమె దాకా రాకముందే బస్తాలు అయిపోయాయట. ఎండ ఎక్కాక ఆమె సీసా పట్టుకుని లేచింది.

"గొంతు ఎండుతుంది. స్టేషన్ కాడి నల్లా దాక పోయొస్త. జర నా చెప్పులు చూస్తుండు బిడ్డా."

"పో యాడీ. నేనున్న."

సుక్కి ఒట్టి కాళ్లతో గోడ నీడ వెంట పోయింది. అనిత ఎదురుగా ఉన్న రేకుల షెడ్డు కిందికి పోయి కూర్చుంది. అక్కడి నుంచి చెప్పులు కనబడతాయి. చార్జింగు ఎంత ఉందో చూద్దామని ఫోను తీసింది. తెర మీద నీలి దీపం వెలుగుతోంది. కెప్టెను దాని పక్కన ఆగి ఉన్నాడు. ఊపిరికి భుజాలు లేచి పడుతున్నాయి.

ఆమె వేలు ఆనించింది. కెప్టెను నడిచాడు.

ఎటు పోవాలో అడగాల్సిన పని లేదు. దారి ఒకటే. ఏం తీసుకోవాలో చూడాల్సిన పని లేదు. తుపాకి చేతిలోనే ఉంది. ఒక మరమనిషి వచ్చాడు, ఆమె కొట్టింది, పడిపోయాడు. ఇంకొకడు వచ్చి ఆమెను కొట్టాడు. ఆమె నీలి దీపం దగ్గర లేచింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకు చచ్చావని అడగలేదు. మళ్లీ పోయింది. ఈసారి వాడు పడ్డాడు.

కొంత దూరం పోయాక అద్దం తలుపు వెనుక ఒకామె ఇరుక్కుని ఉంది. తీయమని చేతులతో కొడుతోంది. కింద మూడు మాటలు ఇంగ్లీషులో వచ్చాయి. అనిత ఇంటర్ దాకా చదివింది, కూడబలుక్కుంది. తలుపు తీస్తాను. నువ్వెవరో ముందు చెప్పు. నాకు సమయం లేదు.

ఆమె మొదటిదాని మీద వేలు పెట్టింది. తలుపు తెరుచుకుంది. ఆ మనిషి బయటకు వచ్చి కెప్టెను పక్కన నడవడం మొదలుపెట్టింది.

అనిత వేలు ఆగిపోయింది. ఆమె ఒక మాట చెప్పింది, అది జరిగింది. ఈ ఏడు ఆమె కాంట్రాక్టరుకు చెప్పింది. దవాఖానలో చెప్పింది. మండలాఫీసులో చెప్పింది. గోదాము కిటికీ దగ్గర చెప్పింది. ఏ మాటకూ ఏ తలుపూ కదలలేదు. రేపు రమ్మన్నారు, లేదంటే పై నుంచి రావాలన్నారు. మంచం మీద మనిషి పొద్దాక ఏం చూస్తున్నాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఆయన పరుగెత్తుతున్నాడు. ఆయన మాట చెల్లుతోంది. ఆ చోట లైను లేదు.

ఇంకొక్క గుమ్మం అనుకుంది. ఆ గుమ్మం దాటాక ఇంకొకటి అనుకుంది.

కేకలకు తల ఎత్తింది. లారీ గోదాము ముందు ఆగి ఉంది. దాని వెనుక డాలా తలుపు ఎప్పుడు దించారో ఆమె చూడలేదు. బస్తాలు సగం లోపలికి పోయాయి. మనుషులు ఎవరి చెప్పుల్లో వాళ్లు కాళ్లు పెట్టి నిలబడ్డారు, చెప్పుల లైను మనుషుల లైను అయింది. ఆమె ఉరికింది.

సోమనర్సయ్య బోరింగు దగ్గర వంగి ఆమె ఎడమ చెప్పును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"గిదేందిరా, ఒంటి చెప్పు? కుక్క ఎత్తుకొచ్చిందా?"

"ఒంటికాలు మనిషి ఎవరన్న ఉన్నరేమో అడుగు పటేలా" అన్నాడు వెనుక నుంచి ఒకడు.

"ఒంటికాలు ఐతే అర బస్తా ఇద్దాం."

లైను అంతా నవ్వింది. సోమనర్సయ్య చెప్పును మోరీ వైపు విసిరేశాడు. అది మురికి నీళ్లలో బోర్లా పడింది. అనిత నోరు తెరిచింది. ఇంకోటి ఏదని అడుగుతాడు. మానుకోటలో ఉందని చెబితే ఇప్పుడు నవ్వుతున్నవాళ్లే మీదికి వస్తారు. ఆమె నోరు మూసుకుంది.

షట్టరు దగ్గర నుంచి గోదాము మనిషి అరిచాడు. "మనిషికి ఒక్కటే. బోరింగు దాకనే వస్తయి. ఎనకోళ్లు పోండ్రి, ఉండి లాభం లేదు."

వెనుక లైను విరిగింది. తిట్లు మొదలయ్యాయి. సోమనర్సయ్య తువ్వాలతో మొహం తుడుచుకుని కిందికి చూశాడు. బోరింగుకు ఇవతల, ఖాళీగా ఉన్నది ఒక్క జత.

"ఈ తీగ చెప్పులెవలియి? ఉన్నరా లేరా? లేకుంటే గివ్వి గూడ పడేస్త."

అనిత స్టేషన్ దారి వైపు చూసింది. రోడ్డు మీద ఆటోలు, ట్రాక్టర్లు. సుక్కి లేదు. చెప్పడానికి మూడు మాటలున్నాయి. సుక్కి యాడివి, వస్తున్నది, ఆగండి అనొచ్చు. ఏమీ అనకుండా ఉండొచ్చు.

"నాయే పటేలా" అంది.

"మరి పలుకవేంది? ఎక్కు, ఎక్కు."

ఆమె ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టింది. అవి చిన్నవి. మడమలు బయటకు వచ్చాయి. తీగ కొస వేళ్ల సందున గుచ్చుకుంది. లైను కదిలింది. కిటికీ దగ్గర పాసుబుక్కు ఇచ్చింది. మిషన్ మనిషి నంబరు కొట్టాడు. ఫోను మోగింది. మెసేజి వెనుక అద్దం తలుపులోంచి వచ్చినామె ఇంకా నిలబడే ఉంది. అనిత అంకెలు చదివి చెప్పింది. బస్తా నెత్తికెత్తారు.

ఆటో వైపు నడుస్తుంటే సుక్కి కనబడింది. నేల కాలుతుంటే ఒక నీడ నుంచి ఇంకో నీడకు గబగబా వస్తోంది. సీసా నిండుగా ఉంది. అనిత తల మీది బస్తాను మొహానికి అడ్డం వచ్చేటట్టు వంచుకుని లారీ వెనుక నుంచి పోయింది.

పొద్దు వాలకముందే చేనులో దిగింది. మొక్క మొదట్లో పిడికెడు పిడికెడు వేసుకుంటూ సాలు వెంట సాలు పోయింది. రబ్బరు చెప్పులు ఒడ్డు మీద ఉన్నాయి. అటు తిరిగినప్పుడల్లా కనబడ్డాయి. సంచి దులిపేదాకా ఆగలేదు.

ఇంటికి వచ్చేసరికి ప్రేమ్‌సింగ్ ఫోను అందుకుని చూస్తున్నాడు.

"నువ్వు ఆడినవా?"

"ఆడిన."

"అద్దం తలుపు తీసినవా? నేను ఆమెను ఆడ్నే ఇడిసిపెట్టి పోదామనుకున్న. ఆమె ఎంట ఉంటే ముందల కష్టమైతది." ఆయన గొంతులో చాలా రోజుల తర్వాత ఒక హుషారు ఉంది. "ఏం గాదు. ఎనుకటి దీపం కాడికి పోయి మార్సుకోవచ్చు."

"వద్దు. ఉండని."

అప్పుడు ఆయన ఆమె కాళ్లు చూశాడు. "గవ్వి ఎవలియి?"

ఆమె గడప మీద కూర్చుని చెప్పింది. షెడ్డు కింద కూర్చున్న దగ్గర నుంచి లారీ వెనుక నుంచి పోయిన దాకా చెప్పింది. ఆయన ఫోను బోర్లించాడు.

"బస్తల ఏమన్న మిగిలిందా? సగమన్న ఇచ్చొస్తె..."

"అంత ఏసిన."

"ఐతే ఎనుకకు రాదు" అన్నాడు ఆయన.

చీకటి పడకముందు కవిత వచ్చింది. మానుకోటకు లారీ రాలేదు. కుడి చెప్పును గడప దగ్గర పెట్టి, "దీని జత ఏదే?" అంది.

మర్నాడు అనిత ఫోను తీసుకోలేదు. సుక్కి చెప్పులు చేతిలో పట్టుకుని ఒట్టి కాళ్లతో పోయింది. గోదాము దగ్గర ఇంకా ఎవరూ లేరు. షట్టరు ముందు, మొట్టమొదట, ఆ జతను పెట్టింది. దాని వెనుక మెల్లగా లైను పెరిగింది. సోమనర్సయ్యకు నిన్న బస్తా దొరికింది. ఈ రోజు కొడుకు పేరు మీద వచ్చాడు.

సుక్కి వచ్చింది. ఆమె కాళ్లకు గోనెపట్టా పేలికలు చుట్టి ఉన్నాయి. లైను తోక దగ్గర ఆగబోతూ ముందుకు చూసింది. చెప్పులను చూసింది, అనితను చూసింది. ఎంత వీలైతే అంత తొందరగా వచ్చింది.

"నా చెప్పులేనే! నేను వచ్చెవరకు బస్తల్లేవు, చెప్పుల్లేవు, నువ్వు లేవు. నిన్న గీ మోరీ అంత దేవులాడిన. నువ్వు దాసినవా బిడ్డా?" ఆమె మెటికలు విరిచి రెండు చేతులూ అనిత చెంపలకు ఆనించింది. "మొదాల పెట్టినవు గద నాయి. సల్లగుండు."

దాచాను అంటే చాలు. ఏమీ అనకపోయినా చాలు. ఈ రోజు లారీ వస్తే సుక్కికి బస్తా దొరుకుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు.

"దాయలే యాడీ" అంది అనిత. "తొడుక్కున్న. నాయే అని చెప్పి నీ జాగల నిలబడ్డ. నీ బస్తా నేను తీసుకపోయిన."

సుక్కి చేతులు చెంపల మీద నుంచి దిగాయి. ఆమె అరుస్తుందని అనిత చూసింది. అరవలేదు.

"ఏసినవా?"

"ఏసిన."

"అంతనా?"

"అంత."

సుక్కి నేల మీద కూర్చుంది. కాళ్లకు చుట్టిన పేలికలు ఒక్కొక్కటే విప్పింది. "నీ కోసం నీళ్లు తెచ్చిన" అంది, అనితను చూడకుండా. లైన్లో నుంచి తన చెప్పులు తీసుకుని తొడుక్కుంది. తీగను వేలితో సర్దుకుంది.

సోమనర్సయ్య వచ్చాడు. "ఓ అవ్వా, చెప్పులు తీస్తె జాగ పోతది. మొదటి జాగ, నీకేమన్న పిచ్చా?"

"జాగ యాడికి పోతది పటేలా? మనిషిని పెట్టిన గద." సుక్కి గోడ పట్టుకుని లేచింది. అనితతో తమ బోలిలో అంది. "లారీ వచ్చెదాక నిలబడు. కూసోవద్దు. షెడ్డు కిందికి పోవద్దు. ఇయ్యాల రాకుంటే రేపు నిలబడు."

"నిలబడత యాడీ."

సుక్కి షెడ్డు కిందికి పోయి, అక్కడి నుంచి అనిత కాళ్లు కనబడేటట్టు కూర్చుంది.

"మరి నీ చెప్పులేవమ్మా?" అన్నాడు వెనుకాయన.

అనిత తిరిగి చూడలేదు. పొద్దెక్కింది. గోడ నీడ జరిగి గోడలోకి పోయింది. లారీ బయలుదేరిందని ఒకరన్నారు, ఈ రోజు లేదని ఒకరన్నారు. నేల కాలడం మొదలైంది. ఆమె ఒక కాలు ఎత్తి రెండో కాలి మీద పెట్టింది. కాసేపటికి దాన్ని దించి రెండోది ఎత్తింది. షట్టరు మూసే ఉంది.